కుక్కకి ఏ భాష వచ్చు?

ఈసారి మన గోడ పత్రికలో నేను కుక్కల గురించి రాస్తున్నాను. చదవకముందే నవ్వకండి. "కుక్క విశ్వాసము గల జంతువు, దానికి నాలుగు కాళ్ళు, ఒక తోక కలవు" అని మనం 3వ తరగతిలో రాసిన వ్యాసం కాదిది. కుక్కకి మనిషి మాట ఎలా అర్థమవుతుంది, ఏ భాషలో చెబితే వింటుంది అనే సంగతి ఇది.

ఎందుకు రాయాల్సి వచ్చిందో చెబుతాను. పట్నాల్లో పెద్ద ఇళ్ళల్లో కుక్కతో ఇంగ్లీషులోనే మాట్లాడతారు. సిట్, కమ్, గో, నో అంటారు. పిల్లవాణ్ణి "రారా కన్నా" అని తెలుగులో పిలిచి, కుక్కని మాత్రం "కమ్ హియర్" అని పిలిచే ఇల్లు నేను కళ్ళారా చూశాను. సినిమాల్లో పోలీసు కుక్కకి కూడా ఇంగ్లీషులోనే చెప్తారు. ఇదంతా చూసి మనలో చాలామంది, కుక్కకి ఇంగ్లీషు ఒక్కటే తెలుసు, మన భాషలు దానికి ఎక్కవు అనుకుంటున్నారు. పోయిన నెల 6వ తరగతి చెల్లి ఒకామె ఇంగ్లీషు పరీక్షలో 4 మార్కులు వచ్చి, "అక్కా, కుక్కకి వచ్చిన ఇంగ్లీషు కూడా నాకు రాలేదే" అని బోరింగు పక్కన కూర్చుని ఏడ్చింది. నేను నోటితో చెప్పింది ఆ చెల్లికి సరిపోలేదు. అందుకని రాస్తున్నాను. ఇంకో కారణం కూడా ఉంది, అది మన హాస్టల్ చుక్క గురించి. దాని సంగతి చివర్లో వస్తుంది.

ముందు హనుమాన్ జంక్షన్ కుక్కల సంగతి చూద్దాం. మీలో చాలామంది అక్కడ బస్సు మారినవాళ్ళే. విజయవాడ, ఏలూరు, గుడివాడ, నూజివీడు రోడ్లు నాలుగూ అక్కడ కలుస్తాయి. ఆంజనేయస్వామి గుడి ఉంటుంది. కృష్ణా జిల్లా అయిపోయి ఏలూరు జిల్లా మొదలయ్యేది కూడా అక్కడే. చెన్నై నుంచి కోల్‌కతా పోయే పెద్ద రోడ్డు అది. ఇప్పుడు 16వ నంబరు జాతీయ రహదారి అని రాస్తున్నారు గానీ పెద్దవాళ్ళు పాత అలవాటుగా 5వ నంబరు రోడ్డు అనే అంటారు. ఆ రోడ్డు మీద దాబాల దగ్గర లారీలు ఆగుతాయి. తమిళ డ్రైవరు అన్నం ముద్ద పట్టుకుని "వా, వా" అంటాడు. బెంగాలీ ఆయన "ఆయ్, ఆయ్" అంటాడు. హిందీవాళ్ళు "ఆజా" అంటారు. మనవాళ్ళు "దా, దా" అంటారు, లేకపోతే నాలుకతో "చ్చొ చ్చొ చ్చొ" అని చప్పుడు చేస్తారు. దాబా కుక్క అందరి దగ్గరికీ పోతుంది. అంటే దానికి నాలుగు భాషలు వచ్చినట్టా? మా నాయనని అడిగితే, "దానికి ఒక్క భాషే వచ్చు, అది చేతి భాష" అన్నాడు.

నేను కూడా బస్సు కోసం నిలబడ్డప్పుడల్లా చూశాను. మా నాయన చెప్పింది నిజం. కుక్క ముందు చెయ్యి చూస్తుంది, తర్వాత మొహం చూస్తుంది, మాట ఆ తర్వాతే. ఎవరైనా కిందకి వంగితే చాలు, చేతిలో రాయి లేకపోయినా, చెప్పు సరిచేసుకోవడానికి వంగినా సరే, అది పది అడుగులు వెనక్కి దూకుతుంది. "నేను రాయి తీస్తున్నాను" అని దానికి ఏ భాషలోనూ ఎవరూ చెప్పలేదు కదా.

కోల్‌కతాలో ఐసర్ అనే సైన్సు విద్యాసంస్థ ఉంది. అక్కడివాళ్ళు వీధి కుక్కల మీదనే పరీక్షలు చేస్తారు. ఎవరూ పెంచని, ఎవరూ ఏమీ నేర్పని కుక్కల ముందు మూత పెట్టిన గిన్నెలు రెండు పెట్టి, ఒకదాని వైపు వేలు చూపించారు. భయపడి దగ్గరికే రానివి చాలా ఉన్నాయి. వచ్చిన వాటిలో మాత్రం నూటికి 80 వరకు వేలు చూపించిన వైపు పోయాయి. ఇది 2020లో అచ్చయింది. బడి మొహం చూడని కుక్కలు ఇవి, మా ఇంట్లో పెద్దవాళ్ళ లాగానే. అయినా చూసి నేర్చుకున్నాయి. ఇటలీ దేశంలో నేపుల్స్ వాళ్ళు 2016లో ఇంకొక తమాషా పరీక్ష చేశారు. మాట ఒకటి చెప్పి, చేత్తో దానికి విరుద్ధమైన సైగ చేశారు. అప్పుడు కుక్కలు ఎక్కువగా చెయ్యినే నమ్మాయి.

అలాగని కుక్కకి మాట అస్సలు తెలియదు అనుకుంటే అది కూడా తప్పే. హంగేరీ దేశంలో బుడాపెస్ట్ అనే నగరం ఉంది. 2016లో అక్కడి శాస్త్రజ్ఞులు 13 కుక్కలకి ఎం.ఆర్.ఐ. యంత్రంలో కదలకుండా పడుకోవడం నేర్పారు. పెద్దాసుపత్రిలో మనిషి మెదడు బొమ్మ తీసే గొట్టం లాంటి యంత్రం అది. మత్తు ఇవ్వలేదు, కట్టెయ్యలేదు, వాటంతటవే పడుకున్నాయి. (మన క్లాసులో కొందరు ప్రార్థన అయ్యేదాకా కదలకుండా నిలబడలేరు.) తర్వాత మెచ్చుకునే మాటని మెచ్చుకునే గొంతుతో వినిపించారు. అదే మాటని ఉప్పూ కారం లేని గొంతుతో వినిపించారు. అర్థం లేని మాటని మెచ్చుకునే గొంతుతో కూడా వినిపించారు. మాట, గొంతు రెండూ కలిసినప్పుడే కుక్క మెదడులో సంతోషం కలిగే భాగం బాగా పనిచేసింది. అంటే ఎవరైనా నవ్వుతూ తిట్టినా, చిరాగ్గా మెచ్చుకున్నా, దానికి తేడా తెలుస్తుంది.

ఆ ఊళ్ళోనే జరిగిన ఇంకో సంగతి నాకు అన్నిటికంటే నచ్చింది. లారా క్వాయా అనే ఆవిడ మెక్సికో దేశం నుంచి బుడాపెస్ట్‌కి పని మీద వెళ్ళింది. తన కుక్క కున్-కున్‌ని కూడా తీసుకుపోయింది. ఆవిడ దానితో మాట్లాడేది స్పానిష్ భాష. కొత్త ఊళ్ళో రోడ్డు మీద అందరూ మాట్లాడేది హంగేరియన్. మనం ఇళ్ళ దగ్గర నుంచి మొదటిసారి హాస్టల్‌కి వచ్చినప్పుడు ఎలా ఉందో గుర్తు తెచ్చుకోండి. ఇక్కడివాళ్ళు వేరే భాష మాట్లాడుతున్నారని నా కుక్కకి తెలుస్తోందా అని ఆవిడకి అనుమానం వచ్చింది. కున్-కున్‌తో కలిపి 18 కుక్కలకి "లిటిల్ ప్రిన్స్" అనే కథ రెండు భాషల్లోనూ చదివి వినిపించి, ఆ యంత్రంలో మెదడుని చూశారు. ఫలితం 2022లో అచ్చయింది. రోజూ వినే భాషకీ, ఎప్పుడూ వినని భాషకీ కుక్క మెదడు వేరు వేరుగా పనిచేసింది. వయసు ఎక్కువ ఉన్న కుక్కలకి తేడా ఇంకా బాగా తెలిసింది, ఎందుకంటే అవి ఇంటి భాషని ఎక్కువ ఏళ్ళు విన్నాయి.

అమెరికాలో చేజర్ అనే కుక్క ఉండేది. అది బోర్డర్ కోలీ జాతి, అనగా గొర్రెలు కాసే జాతి. జాన్ పిల్లీ అనే ప్రొఫెసరు గారు దానికి 3 సంవత్సరాలు రోజూ పాఠం చెప్పి, 1,022 బొమ్మల పేర్లు నేర్పారు. పేరు చెబితే ఆ బొమ్మనే వెతికి తెచ్చేది. 2011లో ఆ సంగతి అచ్చయింది. 2019లో చేజర్ చనిపోయింది. 1,022 మాటలు అంటే మన ఇంగ్లీషు పాఠ్యపుస్తకం వెనకాల ఉండే కఠిన పదాల కంటే ఎన్నో రెట్లు ఎక్కువ అని నా అంచనా. అయితే ఒకటి, చేజర్‌కి నేర్పిన భాష ఇంగ్లీషు కాబట్టి ఇంగ్లీషు వచ్చింది. తెలుగులో నేర్పి ఉంటే తెలుగే వచ్చేది.

మరి పోలీసు కుక్కలకి, పెద్దింటి కుక్కలకి ఇంగ్లీషే ఎందుకు? ఇదే అసలు ప్రశ్న. అమెరికాలో చూస్తే దీనికి జవాబు దొరుకుతుంది. అక్కడ అందరూ మాట్లాడేది ఇంగ్లీషు కదా. కానీ అక్కడ చాలామంది పోలీసులు కుక్కకి జర్మన్ భాషలో చెప్తారు! కూర్చోమనడానికి "జిట్స్", పడుకోమనడానికి "ప్లాట్స్", వదలమనడానికి "ఔస్" అంటారు. దొంగలకి ఆ మాటలు తెలియకూడదని అలా పెట్టారని కొందరు చెప్పుకుంటారు. అసలు కారణం అంత గొప్పది ఏమీ కాదు. ఆ కుక్కల్ని చాలావరకు యూరప్ దేశాల నుంచి, అక్కడ నేర్పించినవే కొనుక్కుంటారు. కుక్కకి మళ్ళీ మొదటి నుంచి కొత్త భాష నేర్పడం కంటే పోలీసు పది జర్మన్ మాటలు బట్టీ పట్టడం తేలిక. మన దేశంలోనూ అంతే. 1960లో మీరట్‌లో సైన్యం వాళ్ళు కుక్కలకి శిక్షణ బడి పెట్టారు. సైన్యంలో పంజాబు ఆయన ఉంటాడు, కేరళ ఆయన ఉంటాడు. ఒకరి చేతిలో పెరిగిన కుక్క రేపు ఇంకొకరి చేతికి పోతుంది. అందరికీ ఉమ్మడిగా ఉండే మాట కావాలి.

ఇంకో సూక్ష్మం ఉంది. దీన్ని నేను ఏ పుస్తకంలోనూ చదవలేదు, మా తోటలో కూర్చుని ఆలోచించాను. తెలుగులో ఒక్క "రా" అనే మాటని మనం ఎన్ని రకాలుగా అంటామో చూడండి. రా, రారా, రావే, రామ్మా, రండి, ఇటురా, దా, వచ్చెయ్. మనిషిని బట్టి, వయసుని బట్టి, కోపాన్ని బట్టి మారిపోతుంది. ఇంట్లో నలుగురు నాలుగు రకాలుగా పిలిస్తే కుక్క వినేది నాలుగు చప్పుళ్ళు. పైగా ఇంట్లో రోజంతా "అన్నానికి రా", "నీళ్ళకి రా", "నువ్వు రాకు" అని మనుషుల మధ్య ఆ మాట తిరుగుతూనే ఉంటుంది. ఏది తన కోసమో కుక్కకి ఎలా తెలియాలి? "కమ్" అనే మాటని తెలుగు ఇంట్లో కుక్కకి తప్ప ఇంకెవ్వరికీ చెప్పరు. ఎప్పుడూ ఒక్కలాగే చెప్తారు. అందుకని అది వింటుంది. ఇంగ్లీషు గొప్పదని కాదు, ఇంగ్లీషు ఆ ఇంట్లో ఎవరూ వాడని భాష అని. అమెరికాలో జర్మన్ మాటకి కూడా ఇదే లాభం దొరుకుతుంది.

తెలుగులో ఇంకో చిక్కు ఉంది. వద్దు అని చెప్పే ముక్క మాట చివర్లో వస్తుంది. "పట్టు" అంటే పట్టమని, "పట్టకు" అంటే పట్టొద్దని. "వెళ్ళు", "వెళ్ళకు". మొదటి చప్పుడు ఒకటే. కుక్క "పట్ట" వినగానే దూకేస్తుంది, "కు" వినేదాకా ఆగదు. అందుకని మా తాత ఎప్పుడూ "పట్టకు" అనేవాడు కాదట, "ఒద్దు" అనే వేరే మాట చెప్పేవాడట. మాటలు ఏ భాషవైనా ఒకదానికొకటి పోలిక లేకుండా ఉండాలని ఆయనకి ఎవరూ చెప్పకుండానే తెలుసు.

మా తాత సంగతి వచ్చింది కాబట్టి మా పని గురించి కొంచెం చెబుతాను. మేము యానాదులం. కృష్ణా డెల్టాలో వరి చేలల్లో పందికొక్కులు పట్టడం మా వాళ్ళు తరతరాలుగా చేస్తున్న పని. పంట వెన్ను మీద ఉన్నప్పుడు పందికొక్కు వెన్నులు కొరికి బొరియలో దాచుకుంటుంది. గట్లు తవ్వేసి నీళ్ళు పోయేలా చేస్తుంది. ఆసాములు మా నాయన లాంటి వాళ్ళని పిలుస్తారు. బొరియకి ఒక పక్క కుండలో గడ్డి మండించి పొగ ఊదుతారు, ఇంకో పక్క కుక్క కాచుకుని ఉంటుంది. (ఇక్కడ ఒక మాట. ఇంగ్లీషులో బాండికూట్ అనే మాట ఉంది కదా, అది మన "పందికొక్కు" నుంచే పోయింది. నిఘంటువుల్లో ఉంది, అడిగి చూసుకోండి. మనం వాళ్ళ మాటలు తెచ్చుకోవడమే కాదు, వాళ్ళు కూడా మన చేలోంచి ఒకటి పట్టుకుపోయారు.)

ఆ పనిలో నోరు ఎత్తకూడదు. అలికిడి అయితే పందికొక్కు ఇంకో కన్నంలోంచి పోతుంది. అందుకని మా నాయన మల్లి అనే మా కుక్కకి అరచెయ్యి కిందకి చూపిస్తే పడుకునేది, వేలు చూపిస్తే ఆ కన్నం దగ్గరికి పోయేది. ఆఖర్న ఒక్కసారే పళ్ళ మధ్య నుంచి "ఉస్స్" అనేవాడు. ఉసిగొల్పడం అనే తెలుగు మాట ఈ "ఉసి" అనే చప్పుడు నుంచే వచ్చిందని తెలుగు మేడమ్ గారు చెప్పారు. గొడవలు పెట్టేవాళ్ళ గురించి రాసేటప్పుడు ఆ మాట వాడతాం గానీ, అది మొదట కుక్క మాట.

అలాంటి మా నాయనకి పోయిన వేసవిలో కుక్క వల్లనే కష్టం వచ్చింది. ఆయన నూజివీడు రోడ్డులో ఒక మామిడి తోటకి కాపలా ఉంటున్నాడు. మా గుడిసె కూడా తోటలోనే. కాయలు కోతకొచ్చే సమయానికి ఆసామి పట్నం నుంచి రాకీ అనే కుక్కని తెచ్చాడు. జాతి జర్మన్ షెపర్డ్, నేర్చుకున్నది ఇంగ్లీషు, ఉండాల్సింది మన మామిడి తోటలో. దానికి ఐదు మాటలు నేర్పారు, సిట్, డౌన్, స్టే, కమ్, లీవ్. మా నాయన "సిట్టు" అన్నాడు. మన నోటికి మాట చివర అచ్చు లేకపోతే తోచదు కదా. "స్టే" అనేది "ఇస్టే" అయింది. కుక్క చెవులు నిక్కబొడిచి చూస్తూ నిలబడింది. ఆసామి వెంట వచ్చినవాళ్ళు నవ్వారు. ఆసామి మాత్రం నవ్వలేదు. "దీని ఖరీదు నీ సంవత్సరం జీతం. పది రోజుల్లో నీ మాట వినకపోతే కాపలాకి ఇంకొకర్ని చూసుకుంటాను" అని చెప్పి వెళ్ళిపోయాడు. కాపలా పోతే గుడిసె పోతుంది. తమ్ముడి బడి కూడా పోతుంది.

నేను సెలవులకి ఇంట్లోనే ఉన్నాను. మా ఇంట్లో అక్షరాలు నేర్చుకున్నదాన్ని నేనొక్కదాన్నే కాబట్టి ఇంగ్లీషు నాయనకి నేర్పమని అమ్మ నన్ను అడిగింది. రెండు రోజులు నేర్పాను కూడా. మూడో రోజు నాయన, "నేను నేర్చుకునే బదులు అదే నేర్చుకుంటుందిలే, చిన్న వయసు దానిది" అన్నాడు. తర్వాత చేసిన పద్ధతి మీ అందరికీ పనికొస్తుంది కాబట్టి జాగ్రత్తగా చదవండి.

కుక్కకి పాత మాట తెలుసు, కొత్త మాట తెలియదు. అప్పుడు కొత్త మాట ముందు చెప్పాలి. "కూకో" అని చెప్పి, ఒకటి రెండు లెక్కపెట్టేంత ఆగి, "సిట్" అనాలి. (సిట్ నేను చెప్పేదాన్ని, కూకో నాయన చెప్పేవాడు.) అది కూర్చోగానే, ఆ క్షణంలోనే, చేప ముక్క ఇవ్వాలి. ఆలస్యంగా ఇస్తే ఎందుకిచ్చామో దానికి తెలియదు. ఇలా పూటకి పదిసార్లు, రోజుకి మూడు పూటలు, ఎండ లేనప్పుడు. కొన్నాళ్ళకి కుక్క లెక్క వేసుకుంటుంది. "కూకో" వినపడిందంటే వెనకాలే "సిట్" వస్తుంది, వెనకాలే చేప వస్తుంది, ఇంకా "సిట్" దాకా ఆగడం ఎందుకు అని ముందే కూర్చుంటుంది. అక్కడితో "సిట్" మానెయ్యొచ్చు. రెండు మాటలూ కలిపి ఒకేసారి చెబితే గానీ, పాతది ముందు చెబితే గానీ పని జరగదు. తెలిసిన మాట వినపడ్డాక దానికి తెలియని మాటతో పనేముంది? పరీక్షలో తెలిసిన ప్రశ్న పక్కన తెలియని ప్రశ్న ఉంటే మనం చేసేదీ అదే.

రాకీ నాలుగో రోజున "కూకో"కి కూర్చుంది. "పడుకో", "దా" కూడా త్వరగానే వచ్చాయి. "ఆగు" కొంచెం కష్టమైంది, ఎందుకంటే ఆగడం కుక్కకైనా మనిషికైనా కష్టమే. అక్కడ నాయన గొంతు పనికొచ్చింది. ఎద్దుల్ని ఆపేటప్పుడు "హోఓఓ" అని సాగదీసినట్టు "ఆఆగూ" అని సాగదీసి కిందకి దించేవాడు. రమ్మనడానికి "దా దా దా" అని గబగబా పైకి లేపేవాడు. అమెరికాలో పెట్రీషియా మెక్‌కానెల్ అనే ఆవిడ, చాలా భాషల్లో కుక్కల్ని, గుర్రాల్ని తోలేవాళ్ళ గొంతులు రికార్డు చేసి చూసింది. ఏ భాషవాళ్ళయినా సరే, జంతువుని కదిలించడానికి పొట్టి చప్పుళ్ళు వెంట వెంట చేస్తున్నారు, ఆపడానికి ఒకే పొడుగు చప్పుడు చేస్తున్నారు. మా నాయనకి ఆవిడ తెలియదు, ఆవిడకి మా నాయన తెలియదు.

పదో రోజున ఆసామి వచ్చేసరికి "వదులు" ఇంకా సరిగ్గా రాలేదు. మిగతా నాలుగూ వచ్చాయి. ఆసామి "సిట్" అన్నా కూర్చుంది, నాయన "కూకో" అన్నా కూర్చుంది. ఆయన కాసేపు చూసి, "సరే, ఉండు" అన్నాడు. ఆ "ఉండు" కుక్కతో అన్నాడా నాయనతో అన్నాడా అని మా అమ్మ ఇప్పటికీ అడుగుతుంది. కాపలా పని మాత్రం నాయనకే ఉంది. తోటలో కూలికి వచ్చే ఒడిశా అన్న ఒకాయన రాకీకి తన భాషలో కూడా ఒక మాట నేర్పుతున్నాడని మొన్న ఫోనులో చెప్పారు.

మన పక్కనే గన్నవరం దగ్గర కొండపావులూరులో ఎన్.డి.ఆర్.ఎఫ్. 10వ బెటాలియన్ ఉంది. దాని కొత్త ఆవరణని 2025 జనవరిలో ప్రారంభించారు. వరదలు, భూకంపాలు వచ్చినప్పుడు వెళ్ళేది వాళ్ళే. కూలిన ఇళ్ళ కింద మనుషుల్ని వాసన పట్టే కుక్కలు ఎన్.డి.ఆర్.ఎఫ్. దగ్గర ఉంటాయి. 2023 ఫిబ్రవరిలో టర్కీ దేశంలో పెద్ద భూకంపం వచ్చినప్పుడు మన దేశం నుంచి వెళ్ళిన ఎన్.డి.ఆర్.ఎఫ్. దళంలో జూలీ, రోమియో అనే లాబ్రడార్ కుక్కలు ఉన్నాయి. నూర్దగి అనే ఊళ్ళో రాళ్ళ కింద ఆరేళ్ళ పాప ఉన్నట్టు మొదట జూలీ మొరిగి చెప్పింది. రోమియోని పంపితే అది కూడా అక్కడే మొరిగింది. తవ్వి పాపని ప్రాణాలతో తీశారు. ఆ పాపది వేరే దేశం, వేరే భాష. కుక్కకి చెప్పే ఆయనది ఇంకో భాష. కుక్కకి కావాల్సింది ఒకే ఒక్క మాట, "వెతుకు" అనే మాట, అది ఏ భాషలో నేర్పితే ఆ భాషలో.

ఇప్పుడు మన చుక్క సంగతి. చుక్క అన్నం బెల్లు కాగానే వరండాలోకి వచ్చి చిన్నపిల్లల కంచాల మీదకి దూకుతోంది, అందుకని దాన్ని దూరంగా ఎక్కడైనా వదిలిపెట్టించాలని మేడమ్ గారు అనుకుంటున్నారు. మేడమ్ గారి భయం న్యాయమైనదే. మొరిగే కుక్క కరవదు అని సామెత చెప్పుకుని మనం కూర్చోకూడదు. కుక్క పన్ను గీరుకున్నా సబ్బుతో, పారే నీళ్ళతో 15 నిమిషాలు కడిగి వెంటనే ఆసుపత్రికి పోయి సూది వేయించుకోవాలి. కానీ మేడమ్ గారూ, చుక్క మాట వినడం లేదంటే దానికి తెలివి లేక కాదు. దాన్ని కొందరు "ఛీ పో" అంటారు, కొందరు "గో" అంటారు, లంబాడీ అక్కలు వాళ్ళ భాషలో, కోయ అక్కలు వాళ్ళ భాషలో చెప్తారు. "పో" అంటూనే నవ్వుతూ అన్నం ముద్ద విసిరేవాళ్ళు కూడా ఉన్నారు (ఎవరో నేను రాయను). ఏ మాటకి ఏం చెయ్యాలో అది ఎలా నేర్చుకుంటుంది? ఒక్క నెల గడువు ఇవ్వండి.

నేను, 8వ తరగతి వాళ్ళు కలిసి నాలుగు మాటలు అనుకున్నాం. పిలవడానికి "దా", వద్దనడానికి "ఒద్దు". కూర్చోమనడానికి ముందు "కూకో" పెడదామన్నాను. కానీ మన బడిలో రోజంతా "కూర్చో", "కూర్చోండి" అనే మాటే వినపడుతుంది, చుక్కకి అయోమయం అవుతుంది. అప్పుడు 8వ తరగతి లంబాడీ చెల్లి, "మా ఇంట్లో బేస్ అంటాం అక్కా" అంది. బేస్. పొట్టిగా ఉంది, ఇంకే మాటతోనూ కలవదు, ఇక్కడ ఎక్కువమంది వాడరు. కాబట్టి మన చుక్కకి కూర్చోవడం లంబాడీలో. ఇకనుంచి అందరూ, మేడమ్ గారితో సహా, "బేస్" అనే అనాలి, చెప్పేటప్పుడు అరచెయ్యి కిందకి చూపించాలి. నాలుగోది వరండా దాటి పక్కకి పొమ్మనడానికి. ఆ మాట కోయ అక్కల భాషలోంచి పెడదామని అనుకున్నాం. ఏ మాట బాగుంటుందో వాళ్ళలో వాళ్ళకి ఇంకా తేలలేదు. అందుకని వంటగది తలుపు మీద అంటించిన అట్టలో నాలుగో గడి ఖాళీగా ఉంది. ఎవరూ సరదాకి అందులో ఇంకేదీ రాయకండి.

నేర్పడం ఈ ఆదివారం సాయంత్రం 4 గంటలకి బోరింగు దగ్గర మొదలుపెడతాం. 5వ తరగతి లోపు పిల్లలు వరండా మెట్ల మీద నుంచే చూడాలి, పరిగెత్తకూడదు, కేకలు వెయ్యకూడదు. అన్నం ముద్దలు తెచ్చేవాళ్ళు వంట ఆయమ్మని అడిగి ఎండు చేప ముక్క కలుపుకుని తీసుకురండి. ఉత్త సాంబారన్నం అయితే చుక్క మొహం తిప్పుకుంటుంది.